విశాఖలో చాంబర్ ఆర్కెస్ట్రా కచేరీ: పియానో, ఊదే వాద్యాలు ఒకే శ్రుతిలో నిలవాలంటే

సిరిపురం శ్రోత

ఈ చర్చావేదికలో అందరికీ నమస్కారం. జనవరిలో విశాఖలో ఒక సాయంత్రం చాంబర్ ఆర్కెస్ట్రా (చిన్న పాశ్చాత్య వాద్యబృందం) కచేరీ తలపెట్టాం. మొదటి సగం ఊదే వాద్యాలకి, రెండో సగం పియానో సోలోతో మొజార్ట్ కన్చెర్టోకి (ఒక సోలో వాద్యం ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన). హాలు ఇంకా ఖాయం కాలేదు. గురజాడ కళాక్షేత్రం, చిల్డ్రన్స్ ఎరీనా, పిఠాపురం కాలనీ కళాభారతి, ఈ మూడూ చూస్తున్నాం. తీగ వాద్యాలకి పద్నాలుగు మంది దొరికారు: మొదటి వయొలిన్లు 4, రెండోవి 4, వయోలాలు 3, చెల్లోలు 2, డబుల్ బేస్ 1. ఊదేవాళ్లలో ఫ్లూటు ఒకరు, క్లారినెట్లు ఇద్దరు, బసూన్లు ఇద్దరు, హార్న్‌లు ఇద్దరు. ఓబో మాత్రం ఒక్కరే, అదీ బయటి ఊరి నుంచి రావాలి. పియానో మన ఊళ్లో అద్దెకి తీసుకోవాలా, చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో తెప్పించాలా? ఏ రచనలు పెట్టుకోవాలి? ముందు ఏది తేల్చుకోవాలో చెప్పండి.

తీగలూ సుత్తులూ

ముందు పియానో తేల్చుకోండి. హాలూ, రచనలూ ఆ తర్వాతే. మన కచేరీల్లో పాడేవాళ్ల గొంతుని బట్టి శ్రుతి పెట్టుకుంటాం, మిగతావాళ్లు దానికి సర్దుకుంటారు. ఇక్కడ ఆ గొంతు పియానోది. వేదిక ఎక్కాక దాని శ్రుతి మార్చే వీల్లేదు. 88 మీటలు, దాదాపు 230 తీగలు, వాటన్నిటి బిగువు కలిపి 18 నుంచి 20 టన్నులు. మిగతా ఇరవై రెండు మందీ దానికే కలవాలి.

కాబట్టి హాలువాళ్లని అడగాల్సిన మొదటి మాట సీట్ల సంఖ్య కాదు. పియానో లోపలికి వెళ్లే దారి ఉందా అని అడగండి. తొమ్మిదడుగుల కాన్సర్ట్ గ్రాండ్ పొడవు 274 సెంటీమీటర్లు, బరువు దగ్గర దగ్గర 480 కిలోలు. కాళ్లూ, పెడళ్ల చట్రమూ విప్పి, తిన్నగా ఉండే పొడుగు పక్కని కిందకి పెట్టి, స్కిడ్ పలక మీద పడుకోబెట్టి తోస్తారు. ఆరుగురు అలవాటున్న మనుషులు కావాలి. మెట్లు ఉంటే ర్యాంపు తప్పదు. నిలబెట్టాక బరువంతా మూడు చక్రాల మీదే, ఒక్కో చోట 160 కిలోలు. చెక్క వేదిక కింద డొల్ల ఉంటే చక్రాల కింద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలు పెట్టండి. ఇరవై మూడు మంది ఉన్న మీ కచేరీకి ఏడడుగుల పియానో చాలు, మొజార్ట్‌కి అది తక్కువేం కాదు.

చెన్నై నుంచి తెప్పిస్తే జాతీయ రహదారి 16 మీద దాదాపు 800 కిలోమీటర్ల లారీ ప్రయాణం. దింపిన రోజే శ్రుతి చేయించకండి. హాల్లో కనీసం 24 గంటలు, వీలైతే 48 గంటలు ఊరికే ఉండనివ్వండి, అదీ ఏసీ వేసిన హాల్లో. చెక్క ఆ గాలికి అలవాటు పడాలి.

ఊళ్లోనే అద్దెకి తీసుకుంటే మూడు చూడండి. తీగల మీద, ట్యూనింగ్ పిన్నుల చుట్టూ తుప్పు ఉందా. ఉప్పుగాలి ముందు వాటి మీదే పడుతుంది, తుప్పు పట్టిన తీగ శ్రుతి పెంచేటప్పుడు తెగుతుంది. రెండోది, ప్రతి మీటనీ మెల్లగా నొక్కి వదలండి. నెమ్మదిగా పైకొచ్చిందంటే బుషింగ్ బట్ట తేమకి ఉబ్బిందన్నమాట. నలభై మీటలకి అలా ఉంటే ఒక పూట పని ఉంటుంది. మూడోది, ఎ స్వరం ఇప్పుడు ఎన్ని హెర్ట్జ్‌లలో ఉందో కొలవండి, మామూలుగా 440 ఉండాలి. 430 దగ్గరికి జారిపోయి ఉంటే ఒక్కసారి శ్రుతి చేస్తే నిలవదు, ముందు నెలలోనే రెండు మూడు విడతలు పెంచాలి.

రీడు పెట్టె

రచనల సంగతి. మీకున్న మనుషుల్ని చూస్తే మొజార్ట్ కె 488 (కె అంటే మొజార్ట్ రచనల జాబితాలో వరుస సంఖ్య) సరిగ్గా సరిపోతుంది. 1786 నాటి ఎ మేజర్ కన్చెర్టో. ఒక ఫ్లూటు, రెండు క్లారినెట్లు, రెండు బసూన్లు, రెండు హార్న్‌లు, తీగ వాద్యాలు. అందులో ఓబోలే లేవు, ట్రంపెట్లూ డ్రమ్ములూ లేవు. ఊదే వాద్యాలకి అందులో ఉన్నంత పని చాలా కన్చెర్టోల్లో ఉండదు. నడిమి అడాజియోలో (నెమ్మదిగా సాగే భాగంలో) పియానో ఒంటరిగా ఎఫ్ షార్ప్ మైనర్‌లో మొదలుపెడుతుంది. కాసేపటికి ఫ్లూటు, క్లారినెట్ కలిసి ఎ మేజర్ ఎత్తుకుంటాయి. ఆ ఒక్క చోట శ్రుతి కొంచెం తేడా వచ్చినా హాలంతటికీ వినబడుతుంది, దాచేందుకు పక్కన పెద్దగా ఏమీ మోగదు.

మొదటి సగానికి కె 452. పియానో, ఓబో, క్లారినెట్, హార్న్, బసూన్, ఒక్కొక్కటే. మీ ఒక్క ఓబో ఇక్కడ పనికొస్తుంది. మొజార్ట్ దీన్ని 1784 మార్చి 30న పూర్తిచేసి ఏప్రిల్ 1న వియన్నాలో తనే పియానో దగ్గర కూర్చుని వినిపించాడు. ఇప్పటిదాకా రాసినవాటిలో ఇదే గొప్పదని తండ్రికి ఉత్తరం కూడా రాశాడు. చివరి భాగంలో అయిదు వాద్యాలకీ కలిపి కడెంజా (నైపుణ్యం చూపించే విడి ఘట్టం) రాసిపెట్టాడు. ఒకరి నుంచి ఒకరు అందుకుంటూ పోవాలి, లయ తప్పకూడదు. రిహార్సల్ సమయంలో మూడో వంతు దానికే కేటాయించండి.

దానికి ముందు ఊదేవాళ్లే వాయించే కె 375 పెట్టుకోండి. ఇప్పుడు ఎక్కువగా వినిపించేది ఎనిమిది మంది వాయించే రూపం, అందులో రెండు ఓబోలు ఉంటాయి. కానీ 1781లో మొదట రాసింది ఆరుగురికే: రెండు క్లారినెట్లు, రెండు హార్న్‌లు, రెండు బసూన్లు. ఓబోలు తర్వాత చేర్చాడు. పార్టులు (ఒక్కో వాద్యానికి విడిగా రాసిన స్వరాల కాగితాలు) తెప్పించేటప్పుడు ఆరుగురి రూపం అని తప్పనిసరిగా చెప్పండి. ఎనిమిది మంది రూపంలోంచి ఓబోలు తీసేసి వాయిస్తే రాగానికే కన్నాలు పడతాయి.

కె 375, కె 452 చెరో 25 నిమిషాలు, విరామం 20, కె 488 మరో 26. చప్పట్లతో కలిపి గంటా ముప్పావు, రెండు గంటల లోపు.

సిరిపురం శ్రోత

రీడు పెట్టె గారూ, చాలా సంతోషం. ఒక ఇబ్బంది ఉందండీ. మా క్లారినెట్ వాళ్లిద్దరూ బ్యాండు నేపథ్యం వాళ్లు. ఇద్దరి దగ్గరా బి ఫ్లాట్ క్లారినెట్లే ఉన్నాయి. కె 488 పార్టు మీద "ఎ క్లారినెట్" అని ఉంది. నడుస్తుందా?

రీడు పెట్టె

కష్టం. క్లారినెట్ కాగితం మీద రాసిన స్వరం కంటే కిందకి పలుకుతుంది, ఎ క్లారినెట్ బి ఫ్లాట్ దానికంటే అర మెట్టు ఇంకా కిందకి. అందుకని ఎ క్లారినెట్‌కి ఆ పార్టు సి మేజర్‌లో ఉంటుంది, షార్పులు లేవు. దాన్నే బి ఫ్లాట్ క్లారినెట్ మీద వాయించాలంటే అర మెట్టు దించి చదవాలి, అంటే బి మేజర్, అయిదు షార్పులు. అడాజియో అయితే ఎ మైనర్ కాస్తా జి షార్ప్ మైనర్ అవుతుంది, అక్కడా అయిదే. వేగంగా సాగే చివరి భాగంలో చిటికెన వేలి మీటల మీద జారుతూ వాయించాల్సి వస్తుంది. దానికి తోడు ఎ క్లారినెట్ అడుగు స్వరం బి ఫ్లాట్ దానిలో అసలు లేదు. ఒక జత ఎ క్లారినెట్లు అద్దెకి తెప్పించడమే మేలు. వాటిని కనీసం మూడు వారాల ముందు చేతికివ్వండి. మౌత్‌పీసు ఎవరిది వాళ్లదే వాడుకోవచ్చు, కొత్త శరీరానికి బ్యారెల్ (మౌత్‌పీసు కింద ఉండే చిన్న గొట్టం) మాత్రం చూసి ఎంచుకోవాలి.

క్లారినెట్లే దొరకని చోట ఏం చేయాలో మొజార్టే చెప్పాడు. 1786 సెప్టెంబరులో డోనావెషింగెన్ ఆస్థానానికి రాసిన ఉత్తరంలో, క్లారినెట్లు లేకపోతే మొదటి పార్టు వయొలిన్‌కి, రెండోది వయోలాకి మార్చి రాయించుకోండి అన్నాడు.

వయోలా కుర్చీ

అన్నాడు, నిజమే. కానీ ఊదే వాద్యాల కచేరీ అని పేరు పెట్టి ఆ రంగు తీసేయడం నాకు ససేమిరా నచ్చదు. అడాజియోలో క్లారినెట్ చోట వయొలిన్ వస్తే పక్కనున్న వయొలిన్లలో అది కలిసిపోతుంది. ఎ క్లారినెట్లు దొరక్కపోతే కన్చెర్టోనే మార్చండి. కె 414 కూడా ఎ మేజరే. దాన్ని ఊదే వాద్యాలతోనూ, అవి లేకుండా రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లోతోనూ వాయించవచ్చని 1783 జనవరిలో వియన్నా పత్రికలో మొజార్టే ప్రకటన ఇచ్చాడు. ఆఖరి నిమిషంలో బండి ఆగకుండా ఉండాలంటే దాని పార్టులు కూడా ఒక సెట్టు దగ్గర పెట్టుకోండి.

తీగ వాద్యాలవాళ్ల తరఫున ఒక మాట. 4-4-3-2-1 సరిపోతుంది, పెంచకండి. ఫ్లూటు వాయించే చోట మొదటి వయొలిన్లు ఆరుగురైతే ఫ్లూటు మునిగిపోతుంది. డబుల్ బేస్ ఒక్కటే కాబట్టి దాన్ని చెల్లోల వెనక గోడకి దగ్గరగా పెట్టండి, గోడ తోడు అందుతుంది.

తీగలూ సుత్తులూ

శ్రుతి 440లో పెట్టాలా, 442లో పెట్టాలా అన్నది ఇంకా ఎవరూ ఎత్తలేదు. అసలు గొడవ అక్కడే వస్తుంది. రెండింటి మధ్య తేడా దాదాపు 8 సెంట్లు (సెంటు అంటే అర మెట్టులో నూరో వంతు). ఏళ్ల తరబడి 440లో ఉన్న పియానోని 442కి లేపితే వారం లోపు మళ్లీ జారుతుంది, రెండు విడతలు చేయాలి. అందుకని నా ఓటు 440కే.

హార్న్ వరుస

ఇక్కడ నేను ఒప్పుకోనండీ. ఊదే వాద్యంలో గాలి వేడెక్కితే శ్రుతి పెరుగుతుంది. లెక్క ప్రకారం డిగ్రీకి మూడు సెంట్లు. ఊపిరి వల్ల గొట్టం లోపల ఎలాగూ వెచ్చగా ఉంటుంది కాబట్టి వాడుకలో కొంచెం తక్కువ. 24 డిగ్రీల్లో రిహార్సల్ చేసి, జనం నిండాక హాలు 28కి వెళ్తే ఊదేవాళ్లు పది సెంట్ల దాకా పైకి పోతారు. పియానో అదే సమయంలో కిందకి వస్తుంది, ఎందుకంటే దీపాల వేడికి ఉక్కు తీగలు సాగుతాయి. రెండూ ఎదురెదురు దిక్కులకి పోతాయి. పైగా ఇప్పటి క్లారినెట్లు, ఫ్లూట్లు చాలావరకు 442కి కోసినవే. పియానోని 442లో పెడితే ఊదేవాళ్లకి ఊపిరాడుతుంది.

తీగలూ సుత్తులూ

హార్న్ వరుస గారి లెక్క సరైనదే. అయితే మందు 442 కాదు, ఉష్ణోగ్రత మారకుండా చూడటం. జనం వచ్చాక 24 ఉండాలంటే ఖాళీ హాలుని 22కి దించి ఉంచండి. తలుపులు తెరిచే నాలుగు గంటల ముందే ఏసీ నడవాలి. బయటి నుంచి ట్యూన్ చేసిన పియానో వస్తోంది, అది ఇప్పటికే 442లో ఉందంటే అలాగే ఉంచండి, నాకు అభ్యంతరం లేదు. ఉన్నదాన్ని కదపకపోవడమే ముఖ్యం. ఏ సంఖ్య అయినా సరే, ఊదేవాళ్లందరికీ నెల ముందే చెప్పండి. వాళ్ల రీడులు (ఊదే చోట అదిరే పలచటి బద్దలు), బసూన్ బోకల్స్ (రీడు తగిలించే లోహపు గొట్టాలు) దాన్ని బట్టే ఎంచుకోవాలి.

ఇంకోటి. శ్రుతి చేసేటప్పుడు వేదిక దీపాలు కచేరీలో ఎలా వెలుగుతాయో అలాగే వెలగాలి. చీకట్లో, చల్లటి వేదిక మీద చేసిన శ్రుతి దీపాలు వేసిన పావుగంటకే పోతుంది. పియానో నెత్తిమీద వేడి దీపాలు వద్దు, పక్కల నుంచి ఎల్ఈడీలు వేయండి.

రీడు పెట్టె

ఈ 22-24 డిగ్రీల చలి రీడుల మీద ఏం చేస్తుందో కూడా చూసుకోవాలి. విశాఖ గాలిలో తేమ ఎక్కువ, ఏసీ హాల్లో తక్కువ. హోటల్ గదిలో మెత్తగా పలికిన ఓబో రీడు వేదిక మీదికి రాగానే నోరు మూసుకుంటుంది. ఓబో వాయించేవాళ్లు చిన్న డబ్బాలో నీళ్లు పక్కన పెట్టుకుని, రెండు మూడు నిమిషాలు నానబెట్టిన రీడులు మూడు సిద్ధంగా ఉంచుకోవాలి. కచేరీ రోజు వాడే రీడు హాల్లోనే ఎంచుకోవాలి, గదిలో కాదు. తిరిగి వెళ్లాక రీడు పెట్టెలో సిలికా జెల్ సంచి వేయండి, మన దగ్గర రెండు రోజుల్లో బూజు పడుతుంది.

చెక్క వాద్యాన్ని చల్లటి హాల్లోకి తెచ్చిన వెంటనే గట్టిగా ఊదకండి. లోపల వెచ్చటి ఊపిరి, బయట చల్లటి చెక్క, పై జాయింటు పగులుతుంది. పెట్టె తెరిచి ఇరవై నిమిషాలు ఉంచి, చేతులతో పట్టుకుని బయటి నుంచి వెచ్చబెట్టండి.

శ్రుతి ఎక్కువైనప్పుడు క్లారినెట్ వాళ్లు బ్యారెల్ బయటికి లాగుతారు. మిల్లీమీటరు దాకా లాగితే ఫరవాలేదు. అంతకు మించితే గొట్టంలో తక్కువ పొడవు వాడే పై జాయింటు స్వరాలు ఎక్కువగా దిగిపోతాయి, అడుగు స్వరాలు అలాగే ఉంటాయి. అప్పుడు వాద్యం తనలో తనకే కలవదు. లాగుడు పంచుకోవాలి: కొంత బ్యారెల్ దగ్గర, కొంత నడిమి జాయింటు దగ్గర.

హార్న్ వరుస

మా పార్టుల గురించి. కె 452లో హార్న్ పార్టు ఇ ఫ్లాట్‌లో ఉంటుంది. ఎఫ్ హార్న్ పట్టుకున్నవాళ్లు ఒక మెట్టు దించి చదవాలి. కె 488లో హార్న్ పార్టు ఎ లో ఉంటుంది, మేజర్ థర్డ్ (రెండు మెట్లు) పైకి చదవాలి. చదివేటప్పుడు మార్చుకోవడం అలవాటు లేకపోతే మార్చి రాసిన పార్టు ప్రింటు తీసుకోండి, అందులో తప్పేం లేదు.

కూర్చునే తీరు: హార్న్ నోరు వెనక్కి తిరిగి ఉంటుంది. వెనక నల్ల తెర వేలాడుతుంటే మా స్వరం సగం దాంట్లోనే పోతుంది. వెనక రెండు మీటర్ల దూరంలో చెక్క పలక కావాలి. అర మీటరు దూరంలో గోడ ఉంటే మాత్రం మళ్లీ మరీ మోటుగా వినబడుతుంది. కె 452లో హార్న్‌ని తెరిచిన పియానో మూత ఎదురుగా పెట్టకండి. పియానో మూత ఆ రచనకి చిన్న కర్ర మీద కొంచెం తెరిస్తే చాలు, కన్చెర్టోకి పెద్ద కర్ర.

బీచ్‌రోడ్డు

ఇదంతా హాల్లో ఎందుకండీ? డిసెంబరు 4 నేవీ డేకి బీచ్‌లో బ్యాండు ఎంత బాగుంటుంది! ఆర్కే బీచ్‌లో పెడితే జనం ఎక్కువ వస్తారు కదా?

వేదిక వెనక

కె 375 మటుకు బయట బాగుంటుందండీ, అలాంటి సంగీతం పుట్టిందే ఆరుబయట వాయించడానికి. 1781 అక్టోబరు 31 రాత్రి వాద్యగాళ్లు మొజార్ట్ కిటికీ కింద నిలబడి వినిపించింది ఆ రచనే. పియానోని మాత్రం సముద్రం పక్కకి తీసుకెళ్లకండి. సాయంత్రం ఉప్పుగాలికి శ్రుతి గంట కూడా నిలవదు. ముందు రోజు ఆరుగురితో అరగంట బీచ్‌లో వాయించి, కచేరీ గురించి చెప్పించండి. కాగితాలకి గట్టి క్లిప్పులు, ఒక్కో స్టాండుకి నాలుగు.

హాలు విషయానికి వద్దాం. మన హాళ్లు నాటకాలకి, సభలకి కట్టినవి. మాట స్పష్టంగా వినబడాలని మెత్తటి తెరలు, గుడ్డ కప్పిన గోడలు. మీరు చూస్తున్న హాళ్లన్నిట్లో వేదిక మధ్యన నిలబడి ఒక్క చప్పట్టు కొట్టండి. వెంటనే చచ్చిపోతే ఆ హాల్లో వయొలిన్లు ఎండిపోయినట్టు పలుకుతాయి. చాంబర్ సంగీతానికి ధ్వని ఒకటిన్నర సెకన్ల దాకా నిలవాలి. మీరు చేయగలిగింది: పక్క తెరలు, వెనక తెర పూర్తిగా పైకి లేపించండి. ఊదేవాళ్ల వెనక 8 అడుగులు × 4 అడుగుల 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీట్లు ఎనిమిది, చట్రాలకి బిగించి, పై అంచు కొంచెం ముందుకి వాల్చి నిలబెట్టండి. పలచటి ప్లైవుడ్ వాడితే అదే అదిరి అడుగు స్వరాల్ని తినేస్తుంది.

మైకులు వద్దు. సౌండు ఆపరేటరు అలవాటుగా ఎకో కలుపుతాడు, క్లారినెట్, ఫ్లూటు విడివిడిగా వినబడకుండా పోతాయి. ప్రకటనలకి ఒక్క మైకు చాలు, అదీ సంగీతం మొదలవగానే ఆపేయాలి.

స్టాండ్లు: తీగ వాద్యాలకి ఇద్దరికి ఒకటి లెక్కన 8, ఊదేవాళ్లకి 7, కండక్టరుకి 1, విడిగా 2. కుర్చీలు చేతులు లేనివే. షామియానా షాపు ప్లాస్టిక్ కుర్చీల చేతులకి చెల్లో విల్లు, బసూన్ అడుగు తగులుతాయి. నున్నటి వేదిక మీద చెల్లో ముల్లు జారుతుంది, ఒక్కొక్కరికి చిన్న తివాచీ ముక్క. జనరేటరు గోడకి ఆనుకుని ఉంటే హాలువాళ్లని అడిగి దూరం జరిపించండి. కరెంటు పోయి ఏసీ ఆగితే ఎంతసేపటికి మళ్లీ అందుకుంటుందో ముందే ఒకసారి ఆపి చూడండి.

సిరిపురం శ్రోత

డిజిటల్ పియానో అయితే ఈ గొడవ సగం తగ్గుతుంది కదా అని మా కమిటీలో ఒకరు అంటున్నారు. శ్రుతి మీట నొక్కితే మారుతుంది, బరువూ లేదు.

వయోలా కుర్చీ

శ్రుతికి సంబంధించి ఆ మాట నిజం. కానీ స్వరం స్పీకర్లో పుడుతుంది. ఆ స్పీకరు వేదిక రెండు చివరల ఉంటే ఊదేవాళ్లకి పియానో ఎక్కడో దూరంగా వినబడుతుంది, ఎవరూ కలవలేరు. తప్పదనుకుంటే రెండు మంచి స్పీకర్లని పియానో వెనకే, వాయించేవాళ్ల మోకాళ్ల ఎత్తులో పెట్టండి, హాలు స్పీకర్లలోకి కలపకండి. అలా కె 488 గట్టెక్కుతుంది. కె 452 గట్టెక్కదు, అక్కడ అయిదు వాద్యాలూ ఒకే గాలిలో పలకాలి.

రీడు పెట్టె

ఊదేవాళ్లలో ఒకరికి జ్వరం వస్తే కె 452 ఆగిపోతుంది. మారుగా బీతోవెన్ ఓపస్ 16 పార్టులు దగ్గర పెట్టుకోండి. అదీ ఇ ఫ్లాట్‌లోనే, అవే అయిదు వాద్యాలకి. అయితే బీతోవెనే దాన్ని పియానో, వయొలిన్, వయోలా, చెల్లోలకి కూడా రాశాడు. 1801లో రెండు రూపాలూ ఒకే ఓపస్ సంఖ్యతో అచ్చయ్యాయి. పియానో పార్టు దాదాపు ఒకటే కాబట్టి సోలో కళాకారిణి రెండు సార్లు నేర్చుకోనక్కర్లేదు.

సిరిపురం శ్రోత

చివరిగా సమయాల సంగతి. హాలు మాకు రెండు రోజులే దొరికేలా ఉంది. ఎలా పంచుకోవాలి?

వేదిక వెనక

రెండు రోజులంటే బిగువే. పియానో వచ్చేది మొదటి రోజు పొద్దున అనుకుంటే 24 గంటల విశ్రాంతి దొరకదు. ఆ ముందు రోజు మధ్యాహ్నం లోపే పియానో ఒక్కదాన్ని దింపుకోనివ్వమని హాలువాళ్లని బతిమాలండి. ఆ రాత్రి ఏసీ నడవాలి, దానికయ్యే ఖర్చు ఇవ్వండి. మొదటి రోజు మధ్యాహ్నం మొదటి శ్రుతి, రెండు గంటలు, హాల్లో ఎవరూ కుర్చీలు లాగకూడదు. సాయంత్రం 4 నుంచి 5:30 కె 452, తర్వాత 9 దాకా కన్చెర్టో. కె 375 రిహార్సల్ వేరే గదిలో చేసుకోవచ్చు, దానికి పియానో అక్కర్లేదు. కచేరీ రోజు పొద్దున 10 నుంచి 12 మొత్తం ఒకసారి, 2 గంటలకి రెండో శ్రుతి. ఆ తర్వాత ఎవరూ పియానో ముట్టుకోకూడదు, సోలో కళాకారిణి తప్ప.

వేదిక మీద అందరూ శ్రుతి చూసుకోవడానికి ఓబో ఎ స్వరం ఇవ్వడం మామూలు పద్ధతి. ఈ కచేరీలో పియానోనే ఎ ఇవ్వాలి. కె 488లో ఓబో ఎలాగూ లేదు. ముందు ఊదేవాళ్లకి ఒకసారి, తర్వాత తీగ వాద్యాలకి ఒకసారి విడిగా ఇవ్వండి. అందరూ ఒకేసారి సరిచేసుకుంటే ఎవరి స్వరం వాళ్లకే వినబడదు.

తీగలూ సుత్తులూ

విరామం సంగతి మర్చిపోకండి. మొదటి సగంలో పియానో వెనక్కి ఉంటుంది, ఊదేవాళ్లు దాని ముందు కూర్చుంటారు. కన్చెర్టోకి దాన్ని రెండు మీటర్లు ముందుకి లాగాలి. కాళ్లు పట్టుకుని లాగకండి, కాలి బిగింపు వదులవుతుంది. నలుగురు శరీరం పట్టుకుని, చక్రాలు తిరిగేంత నెమ్మదిగా జరపాలి. నేల ఒక్క రవ్వ వాలుగా ఉన్నా మధ్య సప్తకంలో మూడు తీగల స్వరాలు విడివడతాయి. అందుకని 20 నిమిషాల విరామంలో 5 నిమిషాలు జరపడానికి, 12 నిమిషాలు ట్యూనరుకి రాసిపెట్టండి. ఆ 12 నిమిషాలూ వేదిక మీద ఎవరూ వాద్యం ముట్టకూడదని రన్నింగ్ షీటులో పెద్ద అక్షరాలతో వేయండి, హాలు తలుపులు మూసే ఉంచండి. ట్యూనరుకి కచేరీ అయ్యేదాకా ఉండమని ముందే చెప్పి, తిరుగు రైలు టికెట్టు మర్నాటికి తీయండి.